స్టోకర్స్‌కు ఆదాయం ఒకటి

ఆదివారం పొద్దున తొమ్మిదిమంది మనుషులు. 2003 వేసవిలో నాకు కావలసింది అంతే.

బేస్‌బాల్ జట్టుకు తొమ్మిదిమంది ఉండాలి. ఎనిమిదిమందితో మైదానంలోకి దిగనివ్వరు. ఆడకుండానే ఓడినట్టు రాసుకుని, ఎదుటి జట్టుకు తొమ్మిది పరుగులు ఊరికే ఇచ్చి పంపేస్తారు. అంతకుముందు ఏడు ఇంగ్లండ్‌లోని మా స్విండన్ ఊరి జట్టు స్టోకర్స్ అలా రెండుసార్లు ఓడింది. ఆడి ఓడినవి పన్నెండు. మొత్తం ఆటలు పద్నాలుగే.

ఫిబ్రవరిలో లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ సీజన్‌లో ఇంకొక్కసారి మనుషులు చాలకపోతే జట్టు పేరు కొట్టేస్తామని అందులో ఉంది. ఉత్తరం జట్టు సెక్రటరీ పేరు మీద వచ్చింది. ఆ సెక్రటరీని నేను.

నాకు బేస్‌బాల్ మీద ఆశ ఉండి అందులో చేరలేదు. మా ఆఫీసులో టీమ్ లీడర్ కాలిన్ రెండేళ్లు అమెరికాలోని ఒహాయోలో పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు ఈ జబ్బు తగిలించుకొచ్చాడు. నేను స్విండన్‌లో దిగిన మొదటి చలికాలం, నాకు కారు లేని రోజుల్లో, నాలుగు నెలలు తన కారులో ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఏప్రిల్‌లో, "మల్లీ, ఆదివారాలు ఖాళీయేనా?" అని అడిగాడు. నాలుగు నెలలు మనల్ని మోసిన మనిషికి ఖాళీ లేదని ఎలా చెబుతాం? మా వంశంలో డిగ్రీ కాగితం చూసిన మొదటివాణ్ని నేను. చేసిన మేలు మరిచిపోతే ఆ కాగితానికి విలువ ఏముంటుంది? అలా కుడివైపు చివర, బంతి రాని చోట నిలబడే ఆటగాణ్నయ్యాను. రెండో ఏడు సెక్రటరీనయ్యాను. ప్రతి శనివారం పద్నాలుగుమందికి ఫోన్లు చేయడం నా పని. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి అత్తగారు, ఒకడికి తోటలో గడ్డి. అసలు కారణం అందరికీ ఒకటే: ఎలాగూ ఓడిపోతాం గదా.

మార్చిలో కాలిన్ ఒక అమెరికా పత్రిక తెచ్చి నా బల్లమీద వేశాడు. అక్కడి ముప్పై ప్రొఫెషనల్ జట్లలో కొత్త సీజన్‌లో ఏది ఎలా ఆడుతుందో, ఎవరు ఎప్పుడు పరువు పోగొట్టుకుంటారో ముందుగానే హాస్యంగా రాసిన సంచిక అది.

"మనకూ ఇలాంటిది ఒకటి రాయి. మొదటి రోజు పెవిలియన్‌లో చదువుదాం. నవ్వుకోడానికైనా వస్తారు" అన్నాడు.

నేను రాశాను. తొమ్మిది పేజీలు వచ్చాయి. రెండేళ్ల సగటులు, శాతాలు, ఒక పట్టిక. మా ఆవిడ సులోచన మొదటి పేజీ చదివి, జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

"ఇది చదివితే వచ్చేవాళ్లు కూడా రారు" అంది.

అప్పటికి మా నాయన వచ్చి రెండు వారాలైంది. పేరు నెట్టికంటయ్య. గుంతకల్లు లోకోషెడ్డులో ఫిట్టరుగా చేరి, మేస్త్రీగా రిటైరయ్యాడు. అమ్మ మా చెల్లెలి కాన్పుకని ఆదోనిలో ఉండిపోతే, ఆరు నెలల వీసా మీద ఒక్కడే వచ్చాడు. ఆఫీసులో ఎవరైనా అడిగితే మా నాన్న రైల్వేలో పనిచేశారని మాత్రం చెప్పేవాణ్ని. ఏం పని అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

స్విండన్‌లో ఒకప్పుడు పెద్ద రైలింజన్ల కర్మాగారం ఉండేదని ఆయనకు నాకంటే ముందే తెలుసు. వచ్చిన మూడో రోజే చూపించమన్నాడు. ఇంజన్లో బొగ్గు వేసే స్టోకర్స్ పేరు మా జట్టుకు మిగిలింది, ఆ కర్మాగారం మాత్రం ఇప్పుడు బట్టల దుకాణాల సముదాయం. పైన పాత క్రేను అలాగే ఉంది, దాని కింద చేతిసంచులు అమ్ముతున్నారు. నాయన తల పైకెత్తి క్రేను చాలాసేపు చూశాడు.

"షెడ్డు బాగుంది. సామాన్లే తప్పు" అన్నాడు.

ఉగాది బుధవారం వచ్చింది. నాయన పెట్టెలో తెచ్చిన ఎండు వేపపువ్వుతో సులోచన పచ్చడి చేసింది, ఓళిగలు చేసింది. సాయంత్రం నేను వంటింటి బల్ల దగ్గర నా తొమ్మిది పేజీలు ముందేసుకుని కూర్చున్నాను.

"పండగ పూట ఏం రాస్తాండావప్పా?" అన్నాడు నాయన, ఓళిగ తుంచుకుంటూ.

"వచ్చే సీజన్‌లో ఎవరెట్ల ఆడతారో ముందే చెప్పాల నాయనా. అమెరికావాళ్లు ఇట్ల పత్రికలో రాస్తారు."

"ఏం జట్లుండాయి? పేర్లు చదువు."

"పులులు. సముద్రపు దొంగలు. ఎర్ర మేజోళ్లు. తెల్ల మేజోళ్లు."

"మేజోళ్ల పేరుతో రెండు జట్లా? చెప్పుల జట్టు లేదా?"

"లేదు. ఎర్ర మేజోళ్లవాళ్లు ఈసారి కూడా గెలవరని రాసినారు. వాళ్లు కప్పు గెలిచి ఎనభై అయిదేండ్లయింది."

నాయన తుంచిన ఓళిగ పళ్లెంలో పెట్టేశాడు. "ఎనభై అయిదేండ్లా? ఇంకా ఆడతాండారా?"

"ఆడతాండారు."

"చూసేకి జనం వస్తారా?"

"టికెట్లు దొరకవంట. ఈ ఏడన్నా గెలుస్తారేమోనని తాతలకాణ్ణుంచి వస్తాండారంట."

ఆయన నా కాగితాల వైపు చూశాడు. తర్వాత, "నువ్వు రాసింది చదువు" అన్నాడు. నేను మొదటి పేజీ తెలుగులో చెప్పాను. సగటుల దగ్గర ఆపేశాడు.

"ఇదంతా జరిగిపోయిందప్పా. జరగబోయేది ఏదీ? ముందు సంగతి చెప్పేది అంటే పంచాంగం గదా. పంచాంగం చెప్పు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత."

"మనం చెప్పొచ్చునా నాయనా?"

"కసాపురం గుడికాడ అయ్యవారు చదువుతాంటే ముప్పై ఏండ్లు విన్నా. చదివేది నాకు రాదు, వినేది వచ్చు. దేవుడి పంచాంగం జోలికి మనం పోవద్దు. ఇది బంతాట పంచాంగం." కొంచెం ఆలోచించి అడిగాడు. "జట్టుకు ఎంతమంది?"

"తొమ్మిది."

"నవనాయకులు ఎంతమంది?"

"తొమ్మిదేగా మామా" అంది సులోచన పొయ్యి దగ్గర నుంచి.

ఆ ఒక్క మాటతో నా తొమ్మిది పేజీలు చెత్తబుట్టలోకి వెళ్లాయి. పంచాంగంలో ఏడాదికి ఒక రాజు, ఒక మంత్రి, ఒక సేనాధిపతి, ఇలా తొమ్మిదిమంది నాయకులుంటారు. నాయన ఒక్కొక్క ఆటగాడి గురించి అడుగుతూ పదవులిచ్చాడు. బంతి విసిరే కాలిన్ రాజు. వాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని వేళ్లతో సైగలు చేసే గారెత్, ఊళ్లో పోస్ట్‌మన్, మంత్రి. బస్సు నడిపే డెన్నిస్ దూరంగా నడిమధ్య నిలబడి ఎప్పుడూ ఆకాశం చూస్తుంటాడని చెప్పాను. "ఇంకేముంది, మేఘాధిపతి" అన్నాడు. మైదానంలో గడ్డి కోసేవాడు సస్యాధిపతి. చివరికి నీరసాధిపతి మిగిలాడు.

"అది నువ్వు."

"నేనెందుకు నాయనా?"

"నీకాడికి బంతి వస్తాదా?"

"సీజన్‌కు నాలుగుసార్లు."

"మరి?"

సులోచన గరిటె పట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

"జట్టుకు ఆదాయం ఒకటి, వ్యయం పదమూడు. రాసుకో" అన్నాడు నాయన.

"పోయిన ఏడు సున్నా నాయనా. ఒకటి యాడ నుంచి వస్తాది?"

"ఒకటి రాయి."

"ఏ ఆట గెలుస్తామో అదన్నా చెప్పు."

"అది పంచాంగంలో ఉండదు" అని మళ్లీ ఓళిగ అందుకున్నాడు.

మొదటి ఆట ఏప్రిల్ పదమూడున. పెవిలియన్ అంటే రగ్బీవాళ్లు మాకు అద్దెకిచ్చిన చెక్క గది. పదకొండుమంది వచ్చారు. నాయన తెల్లపంచె కట్టుకుని, పైన నా శీతాకాలపు కోటు వేసుకుని, నుదుట సిందూరంతో వచ్చాడు. కోటు మోకాళ్ల దాకా వచ్చింది. కారు దిగుతున్నప్పుడే నాకు అనుమానం మొదలైంది. వాళ్లు జోకుకు నవ్వుతారా, మనిషిని చూసి నవ్వుతారా? ఆ రెంటికీ తేడా నాకు కాలేజీ హాస్టల్‌లో మొదటి ఏడే బాగా తెలిసింది.

నాయనకు అలాంటి బాధ లేదు. గది మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, అచ్చం కసాపురం అయ్యవారి రాగంలో ఎత్తుకున్నాడు. ఒక్కో మాటా ఆపి నా వైపు చూసేవాడు. నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ని.

"ఈ స్వభాను నామ సంవత్సరమందు స్టోకర్స్‌కు రాజు కాలిన్. రాజు విసిరిన బంతిని శత్రువులు ఆకాశానికి పంపుదురు. పంపిన చోట మేఘాధిపతి డెన్నిస్ ఉన్నందున బంతికి బదులు వాన పడును."

పదవులు ఒక్కొక్కటీ చెబుతుంటే పేరుగలవాళ్లు లేచి నిలబడడం మొదలుపెట్టారు. ఎవరూ నిలబడమనలేదు. డెన్నిస్ చెయ్యెత్తాడు.

"నేను ఒక ఆదివారం రాకపోతే ఏమవుతుందో అడుగు."

అడిగాను. నాయన నిదానంగా, "మేఘాధిపతి రాకపోతే వాన రాదు" అన్నాడు.

ఇంగ్లండ్‌లో వాన రాకపోవడమే పండగని నాయనకు తెలియదు. గారెత్ తలుపు తీసి పట్టుకుని, "డెన్నిస్, ఇక నువ్వు ఇంటికి వెళ్లొచ్చు" అన్నాడు. చెక్క గది అదిరిపోయేలా నవ్వారు. నవ్వు ఆగాక నాయన ఇంకో మాట అన్నాడు. "నవ్వొద్దు. వాన లేకుంటే గడ్డి యాడిది? గడ్డి లేకుంటే సస్యాధిపతికి పని యాడిది? తొమ్మిదిలో ఒకడు తగ్గితే సంవత్సరం నడవదు."

అది కూడా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. నా అనుమానం ఎప్పుడు పోయిందో తెలియదు.

ఆదాయం ఒకటి అన్న మాట దగ్గర కాలిన్ ముందుకు వంగాడు. "ఏది? ఏ ఆదివారం?"

నాయన రెండు చేతులూ ఖాళీగా చూపించాడు. తర్వాత సులోచన కాగితం కప్పుల్లో ఉగాది పచ్చడి పంచింది. అందరూ గుటకేసి, మొహాలు రకరకాలుగా పెట్టి, కప్పు అడుగున ఏముందో చూసుకున్నారు. ఆ రోజు మేము మూడు పరుగులు చేశాం. వాళ్లు పంతొమ్మిది.

తర్వాతి శనివారం ఎప్పటిలాగే ఫోన్ పట్టుకున్నాను. డెన్నిస్ మొదటి గంటకే ఎత్తాడు. "వస్తానయ్యా. నేను రాకపోతే వానలు పడవు గదా" అన్నాడు. ఇంకొకడు, "ఆ ఒకటి ఈ వారమేమో అని మా ఇంట్లో అడుగుతున్నారు" అన్నాడు. ఆ ఆదివారం పన్నెండుమంది వచ్చారు. వాన కూడా వచ్చింది. రెండు పరుగుల తేడాతో ఓడాం.

మే నెల చివరికి నేను ఫోన్లు చేయడం మానేశాను. అవసరం లేకపోయింది. పదవులు లేనివాళ్లు అలిగితే నాయన వాళ్లను ఉప మంత్రులుగా, ఉప సేనాధిపతులుగా వేశాడు. కాలిన్ తమ్ముడు బాత్ అనే ఊళ్లో పెళ్లికి వెళ్లాల్సిన రోజు సూటు, కోటుకు పువ్వుతో మైదానానికి వచ్చి, ఆట సగం దాటి ఆరో ఇన్నింగ్స్ దాకా ఉండి, ఓటమి ఖాయమయ్యాకే కారెక్కాడు. "ఈరోజే అయ్యుంటే జన్మంతా ఏడ్చేవాణ్ని" అన్నాడు.

నాయన నన్నొక పొడుగాటి నోటుపుస్తకం అడిగాడు. అందులో పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాడు. ప్రతి ఆదివారం పదింటికి గేటు దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాడి పేరుకెదురుగా ఒక గీత గీసేవాడు. ఆయన్ను ఎవరూ ఆ పని చేయమనలేదు. ఎవరూ అడ్డూ చెప్పలేదు. ఆటగాళ్లు బట్టలు మార్చుకోకముందే కుర్చీ దగ్గరికి వెళ్లి, "ప్రెజెంట్, మిస్టర్ నెట్టి" అని చెప్పి, గీత పడిందో లేదో వంగి చూసుకుని కదిలేవారు.

మేము ఓడుతూనే ఉన్నాం. ఆగస్టులో ఎండలు ఇంగ్లండ్‌ను కుదిపేశాయి. పట్టాలు వంగుతాయని రైళ్లు నిదానంగా నడిపారు. టీవీలో అది చూసి నాయన నమ్మలేదు. "ముప్పై ఎనిమిదికేనా? గుంతకల్లులో ఆ ఎండకు మేం స్వెట్టర్లు తీసేది లేదు" అన్నాడు. ఆ వేడిలో కూడా పదహారుమంది వచ్చారు. పదమూడో ఆట కూడా ఓడాం.

మిగిలింది ఒకటే. ఆగస్టు ఇరవైనాలుగు, బ్యాంక్ హాలిడే వారాంతం. ఎదుటివాళ్లు హెరన్స్ అనే జట్టు, ఆ ఏడు ఒక్క ఆటా ఓడలేదు, కప్పు అప్పటికే వాళ్లదైపోయింది. జూన్‌లో మమ్మల్ని ఇరవైరెండు పరుగుల తేడాతో కొట్టారు.

ఉత్తరంలోని బెదిరింపు సంగతి నేను మరిచిపోయాను. పద్నాలుగో ఆదివారం కూడా తొమ్మిదిమంది వస్తారని ఎవరికైనా తెలుసు. నన్ను పట్టుకున్న బాధ వేరు. ఆఫీసులో కాలిన్ తెల్లబోర్డు మూల ఒక "1" రాసి ఉంచాడు, ఏప్రిల్ నుంచి ఎవరూ చెరపలేదు. నాయన సెప్టెంబరు తొమ్మిదిన విమానం ఎక్కుతాడు. ఇంతమంది మనుషులు ఆయన మాట నమ్ముకున్నారు. ఆ మాట అబద్ధమై, ఆయన కుర్చీ మడుచుకుని వెళ్లిపోవడం నేను చూడాలి.

ఆదివారం పొద్దున కారులో ఆయనకు చెప్పాను. "వాళ్లను గెలిచేకి కాదు నాయనా. నువ్వు ఏం అనుకోవద్దు."

"మనోళ్లు ఎంతమంది వస్తాండారు?"

"పదిహేడు."

"అయితే నువ్వు కూడా ఏం అనుకోవద్దు" అన్నాడు.

పదకొండింటికి ఆట. పావు తక్కువకు హెరన్స్ కార్లు రెండు వచ్చాయి. అందులోంచి ఏడుగురు దిగారు. వాళ్ల కెప్టెన్ గేటు వైపు చూస్తూ ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. పదకొండు దాటింది. ఒకడు స్పెయిన్‌లో ఉన్నాడట, ఇంకొకడు సముద్రపు ఒడ్డున పిల్లలతో ఉన్నాడట. కప్పు వచ్చేసింది గదా, ఈ ఒక్క ఆటకు తను రాకపోతే ఏమవుతుందని ప్రతివాడూ అనుకున్నాడట. ఆ మాట నాకు బాగా తెలిసిన మాటే. ఏడాది పాటు ఫోన్లో విన్నాను.

కాలిన్ వెళ్లి, "మావాళ్లలో ఇద్దర్ని తీసుకోండి, ఆడదాం" అన్నాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. సొంత ఆటగాళ్లే ఉండాలి. అరగంట చూడాలి, అదే నియమం. మేం పదిహేడుమందిమి గడ్డిమీద నిలబడి గేటు వైపు చూశాం. గేటు దగ్గర నాయన కుర్చీలో కూర్చుని, ఎవరైనా వస్తే రాసుకుందామన్నట్టు పెన్ను పట్టుకుని ఉన్నాడు.

పదకొండున్నరకు అంపైర్ పుస్తకం తెరిచి రాశాడు. స్టోకర్స్ తొమ్మిది, హెరన్స్ సున్నా.

ఎవరూ కేక వేయలేదు. గెలిచి సంతోషించడం మాకు అలవాటు లేదు. డెన్నిస్ నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లి, కుర్చీ ముందు నిలబడి టోపీ తీశాడు. అతని వెనుక గారెత్. తర్వాత ఒక్కొక్కరూ. నాయన లేచి నిలబడి, ఏం చేయాలో తోచక, నోటుపుస్తకం తెరిచి వాళ్లకు వాళ్ల గీతలు చూపించాడు.

అంతదూరం నుంచి వచ్చినవాళ్లను ఊరికే పంపడం మర్యాద కాదని, లెక్కలో లేకుండా మా ఇద్దర్ని వాళ్లకిచ్చి ఆడాం. నాలుగుకు ఇరవైఒకటితో ఓడిపోయాం. ఆ సీజన్‌లో అయిదో బంతి నా వైపు వచ్చింది. జారవిడిచాను. "నీరసాధిపతీ" అని పదహారు గొంతులు ఒక్కసారి అరిచాయి, తెలుగులోనే.

ఇంటికి వస్తూ అడిగాను. "నీకెట్ల తెలిసింది నాయనా?"

"తెల్దప్పా. సున్నా అని చెప్తే ఎవడొస్తాడు? అయిదు అని చెప్తే ఒకటి పోయినా నాలుగుంటాయిలే అని పండుకుంటాడు. ఒకటి అని చెప్పి, అది ఎప్పుడో చెప్పకుంటే, రాక ఏం చేస్తాడు?" కిటికీలోంచి బయటికి చూశాడు. "మా గ్యాంగులో పన్నెండుమంది. సోమవారం వస్తే నలుగురైదుగురు వచ్చేవాళ్లు కాదు. ఎప్పుడో ఒక సోమవారం ఫోర్‌మన్ బిస్కెట్లు పంచుతాడంట అని చెప్పినా."

"పంచినాడా?"

"రెండేండ్లయినాక పంచినాడు, కొడుకు పుడితే. అన్నాళ్లూ మస్టరు నిండింది." తర్వాత అన్నాడు, "బంతాట నాకు తెల్దు. మనిషిని పనికాడికి తెచ్చేది తెలుసు."



మర్నాడు సెలవు. మంగళవారం ఆఫీసులో కాలిన్ బోర్డు మీది ఒకటి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. జట్టు పుస్తకంలో ఆ ఏటి పదవులవాళ్ల పేర్లతో పాటు నాయన పేరు కూడా రాస్తూ, "మీ నాన్న ఇంజనీరు కదూ?" అని అడిగాడు.

"కాదు. ఫిట్టర్ మేస్త్రీ. గుంతకల్లు లోకోషెడ్డు" అన్నాను. అక్షరాలు చెబుతూ, చివరిదాకా రాయించాను.

మరుసటి ఉగాదికి నేనే గుంతకల్లుకు ఫోన్ చేశాను. కొత్త పంచాంగం కావాలని కాలిన్ వారం నుంచి అడుగుతున్నాడు. నాయన ముందు సులోచన ఎలా ఉందని అడిగాడు. అప్పటికి ఆమెకు నాలుగో నెల. తర్వాత పని మాటలోకి వచ్చాడు.

"ఎంతమంది పేర్లిచ్చినారు?"

"ఇరవైరెండు."

"అయితే ఈసారి ఆదాయం రెండు రాయి." మళ్లీ అడిగాడు. "ఆ ఎర్ర మేజోళ్లవాళ్లకు ఇప్పుడు ఎన్నేండ్లు?"

"ఎనభై ఆరు నాయనా."

"పాపం. వాళ్లకూ ఒకటి రాయి."

రెండూ రాశాను. ఆ అక్టోబరులో ఎర్ర మేజోళ్లవాళ్లు కప్పు గెలిచిన సంగతి అమెరికా పత్రికలన్నీ పేజీల కొద్దీ రాశాయి. స్టోకర్స్ ఆ ఏడు రెండు గెలిచింది, రెండూ ఆడి గెలిచింది. అది ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.